మెదడు టీబీ: క్రిమిని చంపితే సగం వైద్యమే

టీబీ అంటే దగ్గు అనే అనుకుంటాం. చంటిపిల్లల్లో ఆ క్రిమి ఊపిరితిత్తుల నుంచి రక్తంలో పడి మెదడు పొరలకు చేరితే అసలు దగ్గే ఉండకపోవచ్చు. రోజుల తరబడి వదలని జ్వరం, వాంతులు, తిండి మీద విముఖత, ఆటపాటలు మానేసి ఎప్పుడూ పడుకునే ఉండటం. ఇవి ఏ జ్వరంలోనైనా ఉండేవే కాబట్టి మొదటి వారం ఇట్టే గడిచిపోతుంది. ఫిట్స్, మెల్లకన్ను, మగత వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

అందుకే రుజువు దొరికేదాకా వైద్యులు ఆగరు. వెన్నునీటిలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. క్రిమి జాడను వెతికే సీబీనాట్ పరీక్షలో ఏమీ కనబడకపోయినా జబ్బు లేనట్టు కాదు. ఆ నీటిలోని కణాలు, ప్రొటీను, చక్కెర, తల స్కాన్, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్న సంగతి, ఇవన్నీ కలిపి చూసి మందు మొదలుపెడతారు. నడుములో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని మనవాళ్లకు ఓ భయం. సూది దించేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద. పరీక్ష వద్దని పంతం పట్టడమే పిల్లకు ఎక్కువ ప్రమాదం.

మామూలు పద్ధతిలో మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. ఆపై 10 నెలలు మొదటి రెండే. ఇథాంబుటాల్ మెదడులోకి సరిగా చొరబడదు. దాని బదులు ఇథియోనమైడ్ చేర్చి, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మోతాదులు పెంచి, నాలుగు మందులూ 6 నెలలు వాడే పద్ధతిని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యామ్నాయంగా ఒప్పుకుంది. దక్షిణాఫ్రికా వైద్యులు చాలా ఏళ్లుగా వాడుతున్నది ఇదే. మందులకు లొంగని టీబీ అయితే దారి వేరు.

క్రిమి చావడం ఒక ఎత్తు. మెదడును ఎక్కువ దెబ్బతీసేది వాపు. అది రక్తనాళాలను బిగించి పక్షవాతం తెస్తుంది, నీటి దారులను మూసి తలలో ఒత్తిడి పెంచుతుంది. అందుకే మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ ఇచ్చి, 6 నుంచి 8 వారాల్లో మెల్లగా తగ్గించి ఆపుతారు. స్టెరాయిడ్ పేరు వినగానే బెదిరి మధ్యలో మానేయకూడదు. నీటి దారి పూర్తిగా మూసుకుపోకపోతే కొందరిలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులతో ఒత్తిడి దిగుతుంది. మూసుకుపోతే షంట్: ఆ నీటిని చర్మం కింద నుంచి పొట్టలోకి మళ్లించే సన్నటి గొట్టం.

మందు పడుతుండగానే కొందరిలో జ్వరం తిరగబెడుతుంది, మెదడులో గడ్డలు పెద్దవవుతాయి. చాలాసార్లు అది చచ్చిన క్రిముల మీద ఒంటి ఎదురుదాడి. మందు పనిచేయడం లేదని తీర్మానించుకుని ఆస్పత్రి మార్చేయకుండా, మోతాదు, వేసుకునే తీరు సరిచూడమని అదే వైద్యుణ్ణి అడగాలి. మూత్రం ఎర్రగా రావడం రిఫాంపిసిన్ గుణం, కంగారు అక్కర్లేదు. కళ్లు పచ్చబడితే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి.

మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పసివాడికి ఈ జబ్బు అంటించింది చాలామటుకు దగ్గరి పెద్దవాళ్లే కాబట్టి ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించాలి. ఐదేళ్లలోపు పిల్లలు ఇంకా ఉంటే, జబ్బు లేదని తేలాక వాళ్లకూ నివారణ మందు పట్టిస్తారు.