దానధర్మాల వాకిలి అందరికీ తెరిచి ఉందా?

రమజాన్ మాసం సమీపించిందంటే ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో, జమ్మలమడుగు, పులివెందుల మసీదుల ముంగిళ్లలో జకాత్ లెక్కల ప్రస్తావన మొదలవుతుంది. ఒకప్పుడు ఈ వ్యవహారమంతా రసీదు పుస్తకం మీద నడిచేది. అవసరంలో ఉన్నవారు కమిటీ పెద్దలను కలిసి తమ గోడు చెప్పుకొనేవారు. నేడు ధర్మసంస్థలు వెబ్‌సైట్లు తెరుస్తున్నాయి. చదువుకు, వైద్యానికి, వితంతువుల పోషణకు దరఖాస్తులు ఫోన్‌లోనే నింపవలసి వస్తోంది. కువైట్‌లో చెమటోడ్చే మన కడప జిల్లా సోదరుడు తన సదఖాను అక్కడి నుంచే పంపగలుగుతున్నాడు. ఇది ఆహ్వానించదగిన మార్పే.

అయితే ఆ వెబ్‌సైటును కంటిచూపు లేని వ్యక్తి వాడగలడా? వినికిడి లేని సోదరి, చేతులు వణికే వృద్ధుడు వాడగలరా? ఈ ప్రశ్న వేసుకునే సంస్థలు అరుదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వారు 22 లక్షలకు పైగా ఉన్నారు. సహాయం అవసరమైనవారిలో ముందు వరుసలో నిలిచేవారికే ఆ వాకిలి మూసుకుపోతే, ఆ సంస్థను నెలకొల్పిన ఉద్దేశమే దెబ్బతింటుంది.

ఫోన్ చదువుతుంది, వారు వింటారు

చూపు లేనివారు ఫోన్ వాడలేరన్నది అపోహ. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంది. దానిని ఆన్ చేస్తే, తెర మీద వేలు ఎక్కడ ఆనితే అక్కడ ఉన్న అక్షరాలను ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది. రెండుసార్లు తడితే ఆ బటన్ పనిచేస్తుంది. తెలుగు కూడా చదువుతుంది. కంప్యూటర్ల కోసం ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తోంది. దీనిని 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ మొదలుపెట్టగా, జేమ్స్ టే ఆయనకు తోడయ్యారు. ఇద్దరూ చూపు లేనివారే.

ఈ సాధనాలకు కావలసింది అసలైన అక్షరం. మన తెలుగు వెబ్‌సైట్లలో అనేకం అక్కడే తప్పటడుగు వేస్తున్నాయి. సహాయ పథకం వివరాలన్నీ రంగురంగుల పోస్టరుగా తయారుచేసి, ఆ బొమ్మనే వెబ్‌సైటులో పెడతారు. కన్నున్నవారికి అది పోస్టరు. టాక్‌బ్యాక్‌కు అది పేరులేని ఒక బొమ్మ. డీటీపీ కేంద్రాలలో అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసిన వ్యాసాన్ని అలాగే తెచ్చి అతికిస్తే, తెర మీద తెలుగు కనిపించినా లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వినేవారి చెవిన పడేది అర్థంలేని గందరగోళం. యూనికోడ్ తెలుగులో ఉన్నప్పుడే అది తెలుగుగా వినిపిస్తుంది. స్కాన్ చేసి పెట్టిన దరఖాస్తు ఫారాల సంగతీ అంతే.

దానం ఇచ్చే పేజీని చూద్దాం. అక్కడ క్యూఆర్ కోడ్ ఒక్కటే ఉంటుంది. చూపు లేని దాత తన ఫోన్ తెర మీదే ఉన్న ఆ కోడ్‌ను తన ఫోన్‌తోనే ఎలా స్కాన్ చేయగలడు? దాని కింద యూపీఐ చిరునామాను, బ్యాంకు ఖాతా నంబరును అక్షరాలలో రాస్తే చాలు, సమస్య తీరిపోతుంది. వికలాంగులు పుచ్చుకొనేవారే తప్ప ఇచ్చేవారు కారన్న భావం మన మనసుల్లో ఎక్కడో పాతుకుపోయింది. సంపాదించుకొని జకాత్ చెల్లించే స్తోమత కలిగిన అంధులు కూడా మన సమాజంలో ఉన్నారు.

ఇక వినికిడి లేనివారి మాట. ఫోన్ చేసి మాట్లాడమని మాత్రమే రాసిపెడితే వారు ఏం చేయగలరు? సందేశం పంపే నంబరు ఉండాలి. వీడియోలో చెప్పిన మాటలు కింద అక్షరాలలో రావాలి. ఆకుపచ్చ నేల మీద లేత బంగారు రంగు అక్షరాలు రమజాన్ పోస్టరుకు శోభనివ్వవచ్చు గానీ, కంటిలో శుక్లాలు వచ్చిన పెద్దవారికి అవి కనిపించవు. బటన్లు మరీ చిన్నవైతే వణికే వేళ్లకు అందవు. ఓటీపీ గడువు మరీ తక్కువైతే నెమ్మదిగా టైపు చేసేవారు ప్రతిసారీ మొదటికే వస్తారు.

అవసరం చెప్పుకోవడంలో గోప్యత

ఎవరినైనా అడిగి నింపించుకోవచ్చు కదా అని కొందరు అనవచ్చు. పులివెందులలో చూపు లేని ఒక తల్లి కుమార్తె ఫీజు కోసం దరఖాస్తు చేయాలనుకుందామని భావించండి. ఇంటి ఆదాయం, అప్పులు, భర్త అనారోగ్యం, బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ అన్నీ పొరుగింటి కుర్రవాడికి చెప్పాలి. ఇంటి గుట్టు వీధికెక్కుతుంది. ఖాతాకూ రక్షణ ఉండదు. ఆత్మాభిమానం గల ఆ తల్లి అడగడమే మానుకోవచ్చు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్నంత గోప్యతను మన ధర్మం దానంలో కోరింది. అడిగేవారి గోప్యతను కాపాడడం ఆ మర్యాదలో భాగం కాదా?

చట్టం ఏమంటోంది?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అది 21 రకాల వైకల్యాలను గుర్తించి, సమాచార సాధనాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరో మెట్టు ముందుకు వేసింది. యాసిడ్ దాడికి గురైనవారు, చూపు లేనివారు బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమన్నప్పుడు ఆర్పలేక ఎదుర్కొన్న ఇక్కట్లు ఆ వ్యాజ్యానికి మూలం. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని న్యాయస్థానం తీర్పునిచ్చింది.

మదీనాలో ఒక ముఅజ్జిన్

చట్టం చెప్పకముందే మన చరిత్రలో దీనికి ఉజ్వలమైన ఆదర్శం ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్న సమయంలో ఆయన వచ్చి జ్ఞానబోధ కోరారు. ఆ సందర్భంలోనే దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా 'అబస' అవతరించింది. పేరుప్రతిష్ఠలు గలవారి కోసం, తపనతో వచ్చిన అంధుణ్ణి పక్కనపెట్టడం తగదన్న బోధ ప్రళయదినం వరకు నిలిచిపోయింది.

తరువాతి సంగతి మరింత గమనించదగినది. ఆయన మదీనాలో ముఅజ్జిన్‌గా నియమితులయ్యారు. రమజాన్‌లో ఆయన అజాన్ వినిపించాకే ప్రజలు సహ్రీ ముగించేవారు. తెల్లవారడం ఆయన కంటికి కనిపించదు. తెల్లవారిందని పక్కనున్నవారు చెప్పేవారు, ఆయన అజాన్ పలికేవారు. చూపు లేదన్న కారణంతో ఆ సమాజం ఆయనను బాధ్యత నుంచి తప్పించలేదు. కంటికి అందని సమాచారాన్ని చెవికి అందించింది. వెబ్‌సైటును అందరికీ అందుబాటులోకి తేవడమంటే ఇంతకు మించినది కాదు.

మనం చేయగలిగినది

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లోనే తొలి మార్గదర్శకాలను విడుదల చేసింది. వాటి 2.2వ రూపం 2023 అక్టోబరులో వెలువడింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మామూలు అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలన్నంత స్పష్టంగా అందులో కొలతలు ఉన్నాయి. సంస్థల బాధ్యులు ముందుగా ఈ పనులు చేయాలని మేము కోరుతున్నాము:

• ప్రతి ప్రకటనను యూనికోడ్ తెలుగులో రాయాలి. పోస్టరు పెట్టినా దాని సారాంశాన్ని కింద అక్షరాలలో ఇవ్వాలి.
• ప్రతి బొమ్మకు వివరణను, దరఖాస్తులోని ప్రతి గడికి పేరును జతచేయించాలి.
• మౌస్ లేకుండా, కీబోర్డుతోనే ఫారం నింపే వీలుండాలి.
• ఫోన్ నంబరుతో పాటు సందేశం పంపే మార్గం, నేరుగా వచ్చి కలిసే చిరునామా ఉండాలి.
• పని పూర్తయ్యాక వికలాంగుల చేతనే పరీక్ష చేయించాలి, వారి శ్రమకు ప్రతిఫలం చెల్లించాలి.

ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉన్నాయి. అక్కడ చదివే మన పిల్లలు సెలవు రోజుల్లో పూనుకుంటే ఒక చిన్న సంస్థ వెబ్‌సైటును సరిదిద్దగలరు. వారి విద్యకు అది సదఖా.

పాఠక సోదర సోదరీమణులారా! మీరు చందా ఇచ్చే సంస్థ వెబ్‌సైటును ఈ రాత్రే తెరవండి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకొని, సహాయ దరఖాస్తు దాకా వెళ్లగలరేమో ప్రయత్నించండి. వెళ్లలేకపోతే ఎక్కడ ఆగిపోయారో రాసి ఆ సంస్థ బాధ్యులకు మర్యాదగా తెలియజేయండి. ఈసారి చందాతో పాటు ఆ ఉత్తరం కూడా మీ వంతు దానమే అవుతుంది.