పందెం దగ్గరపడితే తొక్కడం తగ్గిస్తారెందుకు?

ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే ఒక అక్క మౌంటెన్ బైక్ పందేనికి తయారవుతోందనుకుందాం. అటు కీసర వైపు వెళ్తే గ్రానైట్ గుట్టలు, కాలు జారే మొరం. ఇంతకంటే ఏం కావాలి!

ఆమె సాధన ఇలా ఉంటుంది: ఆదివారం రెండు మూడు గంటలు, కబుర్లు చెప్పుకుంటూ తొక్కగలిగేంత నెమ్మదిగా. నెమ్మదిగా ఎందుకు? అలా వారాల తరబడి తొక్కితే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలూ పెరుగుతాయి. వారం మధ్యలో మాత్రం ఒక చిన్న ఎత్తును మూడు నిమిషాలు ఊపిరాడనంత గట్టిగా ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. అది గుండెకు పని.

మొరం మీద టైరులో గాలి కాస్త తగ్గిస్తారు. టైరు అణిగి నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు! తర్వాత సైకిల్ నెట్టుకుంటూ ఇంటికి.

ఇక చివరి వారం. గట్టిగా తొక్కినప్పుడు కండరాల పోగులు కొద్దిగా దెబ్బతింటాయి. బాగుపడేదీ, బలపడేదీ విశ్రాంతిలోనే, ముఖ్యంగా నిద్రలో. తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో నిండాలన్నా తీరిక కావాలి. అందుకే దూరం సగానికి తగ్గిస్తారు. కాళ్లు మొద్దుబారకుండా రెండు మూడు సార్లు కాసేపు గట్టిగా తొక్కడం మాత్రం ఉంచుతారు. 1996 అట్లాంటాలో మౌంటెన్ బైక్ పందెం ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అంత పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు కూడా పందెం ముందు ఇలాగే తగ్గిస్తారు.