మామిడి తాండ్రలో పొటాషియం: తీపి చేసే పని

మామిడి కోతల కాలంలో, కొల్లాపూర్ తోటల నుంచి తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి దాకా, కిడ్నీ జబ్బుతో బాధపడేవారి ఇళ్ళలో తలెత్తే ప్రశ్న ఒకటుంది: తాండ్రలో చిన్న ముక్క రోగికి పెట్టవచ్చునా? తీపి గనుక కూడదనేవారూ, పండే గనుక మేలనేవారూ ఉన్నారు గాని, తీపికీ పొటాషియం అనే ఖనిజానికీ ఉన్న చిత్రమైన సంబంధాన్ని ఈ రెండు వాదాలూ గమనించలేదు.

చాప మీద పలుచగా పరిచిన గుజ్జు ఎండకు ఆరి, పొర మీద పొర చేరి తాండ్ర అయ్యేటప్పుడు ఆవిరైపోయేది నీరే గాని పొటాషియం కాదు. 100 గ్రాముల గుజ్జులో సుమారు 83 గ్రాముల నీరు, 170 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. చక్కెర కలపని తాండ్ర అంతే బరువు కావాలంటే దాదాపు అయిదింతల గుజ్జు ఆరాలి గనుక, అందులో పొటాషియం 800 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. మిగులు పొటాషియంలో నూటికి 90 వంతులను బయటికి పంపేది మూత్రపిండాలే; అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకొని గుండె లయను చెడగొడుతుంది.

అయితే శరీరంలోని పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపలే, రక్తంలో కన్నా 30 రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. కణపొర సోడియాన్ని లోనికి దాటనివ్వకపోవడం వల్లనే ఈ తేడా నిలుస్తుందని ఒకప్పుడు పేరున్న శాస్త్రజ్ఞులు కూడా నమ్మారు. 1940 ప్రాంతంలో రేడియోధార్మిక సోడియం కండర కణాలలోకి చొరబడడం కనబడ్డాక ఆ నమ్మకం కూలిపోయింది. చిల్లు పడిన పడవ మునగలేదంటే నీళ్ళు తోడిపోసేవారెవరో అందులో ఉండాలి. ఆ తోడే ప్రోటీనును డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ పీత కాళ్ళ నరాలలో గుర్తించి 1957లో ప్రకటించారు; అందుకు 1997లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒకటి ఖర్చయిన ప్రతిసారీ ఈ పంపు 3 సోడియం అయాన్లను వెలికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోనికి లాగుతుంది.

తీపి తిన్నప్పుడు క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ రక్తంలోని గ్లూకోజును దించడంతో ఆగక, ఈ పంపు జోరును కూడా పెంచుతుంది. పొటాషియం ప్రమాదకరంగా పెరిగినవారికి ఆసుపత్రులలో ఇన్సులిన్‌ను గ్లూకోజుతో పాటు ఎక్కించేది ఇందుకే. అంటే తాండ్రలోని తీపే దానిలోని పొటాషియాన్ని కొంతవరకు కణాలలో దాచిపెడుతుంది. కాని దాచడం వేరు, సాగనంపడం వేరు. కొన్ని గంటల్లో అది మళ్ళీ రక్తంలోకి వస్తుంది. కిడ్నీ జబ్బుకు ప్రధాన కారణాలలో ఒకటైన మధుమేహంలో ఇన్సులిన్ కొరవడితే ఆ కాస్త రక్షణా దక్కదు. పైగా రక్తంలో పెరిగిన చక్కెర కణాలలోని నీటిని వెలికి లాగుతూ పొటాషియాన్ని కూడా వెంట తెస్తుంది.

ఇంత సూక్ష్మమైన విషయాన్ని పక్కనబెట్టి, పండ్లన్నీ మానాలని రోగులందరికీ ఒకే చీటీ రాసివ్వడం న్యాయం కాదు. రక్తంలో పొటాషియం, చక్కెర అదుపులో ఉన్నవారికి చిన్న ముక్క విషయం వైద్యుడు తేల్చవచ్చు. పొటాషియం పెరిగినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు సొంతంగా తాండ్ర జోలికి పోరాదు. ఒకే చెట్టు కాయ అయినా, 50 గ్రాముల పండు ముక్కలో 85 మిల్లీగ్రాములుండే పొటాషియం అంతే బరువున్న తాండ్రలో 400 అవుతుంది. రక్తపరీక్ష కాగితంతో పాటు ఈ రెండు అంకెలూ ఇంట్లో ఉండాలి.