ఏరువాక పున్నమి నాడు పిల్లల చేతికి విత్తనం

"తాతా, మనకు ఎద్దుల్లేవు కదా, మరి ఏరువాక ఎందుకు?" ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినబడుతోంది. అడిగిన పిల్లల తప్పేమీ లేదు. బాడుగ ట్రాక్టరు వచ్చి గంటలో దున్ని పోతుంటే, వాళ్లకు కాడి ఎక్కడ కనబడుతుంది?

జ్యేష్ఠ శుద్ధ పున్నమి ఏరువాక పున్నమి. ఏరు అంటే ఎద్దులు కట్టి సిద్ధం చేసిన నాగలి. ఇది నేలకు, ఎద్దుకు, నాగలికి మొక్కుకునే పండగ. పక్కన కర్ణాటకలో ఇదే పున్నమిని కార హుణ్ణిమె అని చేస్తారు. ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, గంటలు కట్టి, పొంగలి తినిపిస్తారు. ఊరి బయట గోగునార తోరణం కట్టి చెర్నాకోలలతో కొడతారు. దొరికిన పీచు తెచ్చి నాగలికి, ఎద్దుల మెడకు కడతారు.

పెద్దల వెంట తిరుగుతూనే పిల్లలు సేద్యం నేర్చుకునేవారు. ఇప్పుడు ఆ నేర్పు మనతోనే ఆగిపోయేలా ఉంది. ఎద్దులు లేకున్నా విత్తనం ఉంది కదా! ఈసారి మొలక పరీక్ష పిల్లలకు అప్పజెప్పండి.

పరీక్ష ఇలా...

పండగకు పది రోజుల ముందు మొదలుపెట్టాలి. ఇంట్లో దాచిన విత్తన మూట పైన, నడుమ, అడుగున తలా పిడికెడు తీసి కలపాలి. మంచివని ఏరకుండా, చేతికి వచ్చినవి వచ్చినట్టు 100 గింజలు లెక్కపెట్టాలి. తడిపి పిండిన గోనెపట్టాపై వరసకు పది చొప్పున పేర్చి, చుట్టచుట్టి నీడలో పెట్టాలి. రోజూ నీళ్లు చిలకరించాలి. తేమ ఉండాలే గాని నీళ్లు కారకూడదు.

కంది ఆరో రోజున, జొన్న, వేరుశనగ పదో రోజున లెక్కచూడాలి. వేరు, మొలక రెండూ బాగున్నవే లెక్కకు వస్తాయి. జొన్న, కంది 75, వేరుశనగ 70 మొలిస్తే విత్తనానికి పనికొస్తుంది. కాస్త తగ్గితే విత్తన మోతాదు పెంచవచ్చు. బాగా తగ్గితే విత్తనం మార్చాల్సిందే. పొలంలో మొలవక మళ్లీ విత్తాలంటే విత్తనం ఖర్చు, కూలి, అదును మూడూ పోతాయి. రెండెకరాల రైతుకు ఆ దెబ్బ తట్టుకోవడం కష్టం.

ఒక్క జాగ్రత్త! మందు పట్టించిన రంగు విత్తనాలు పిల్లల చేతికి ఇవ్వవద్దు.

పండగ రోజున

ఆ చుట్టను పిల్లలతోనే విప్పించి లెక్క చెప్పించండి. ఎద్దులు లేకుంటే బర్రెను, దూడను కడిగించండి. గొర్రుకు పసుపు కుంకుమ పెట్టించండి. బూడిద, వేపాకు కలిపి విత్తనం ఎలా దాచేవారో అవ్వతో చెప్పించండి. మగపిల్లలతో పాటు ఆడపిల్లలనూ కూర్చోబెట్టండి. బడి ఉన్న రోజైతే సాయంత్రం చేసుకున్నా పండగే.

పున్నమి వచ్చిందని వాన రాదు. పొలానికి తీసుకెళ్లి పుల్లతో తవ్వించి తడి ఎంత లోతు దిగిందో చూపండి. పదును లేకుంటే విత్తే పని ఆపండి. "పండగ చేసి కూడా విత్తలేదేం?" అని పిల్లలు అడుగుతారు. నేల వైపు చూపించి జవాబు చెప్పండి. ఆ ఒక్క మాట గుర్తుంటే చాలు, పండగ చేసిన ఫలితం దక్కినట్టే.