రెండు వైపులా తిరిగే చక్రం

బొగ్గు బాయిలో 300 మీటర్ల లోతు నుంచి ఒక టన్ను బొగ్గు పైకి రావాలంటే ఎంత శక్తి కావాలి? బరువు 1,000 కిలోలు, గురుత్వ త్వరణం 9.8, ఎత్తు 300. మూడింటినీ గుణిస్తే 29 లక్షల జౌళ్లు దాటుతుంది. కరెంటు మీటరు లెక్కలో ఇది 0.8 యూనిట్ మాత్రమే. రాపిడి నష్టాలు వేరు. ఇంక్లైన్ మీద ఏటవాలుగా లాగినా, షాఫ్ట్‌లో నిట్టనిలువుగా లేపినా ఈ అంకె మారదు. లెక్కకొచ్చేది నిలువు ఎత్తు ఒక్కటే. ఇలా ఎత్తినందుకు చేరి, దిగేటప్పుడు తిరిగొచ్చేదే గురుత్వ స్థితిజ శక్తి. అదే టన్ను బొగ్గును రామగుండం థర్మల్ స్టేషన్‌లో మండిస్తే సుమారు 1,500 యూనిట్లు వస్తాయి. అంటే బొగ్గులోని రసాయన శక్తి ముందు భూమ్యాకర్షణ చాలా బక్కది. దాన్ని నమ్ముకుని కరెంటు దాచాలంటే అపారమైన బరువు కావాలి. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

మూసేసిన షాఫ్టుల్లో భారీ దిమ్మెలు వేలాడదీసి, కరెంటు మిగిలినప్పుడు ఎత్తి, కావాల్సినప్పుడు దించవచ్చు కదా అనే వాళ్లున్నారు. ఊహ తప్పేమీ కాదు. గ్రావిట్రిసిటీ అనే కంపెనీ 2021లో ఎడిన్‌బరోలో రెండు 25 టన్నుల బరువులతో నమూనా నడిపి చూపింది. ఆ పద్ధతి క్షణాల్లో స్పందిస్తుంది, గ్రిడ్ తడబాటు సర్దడానికి పనికొస్తుంది. కానీ 1,000 టన్నుల దిమ్మె 300 మీటర్లు దిగితే వచ్చేది 800 యూనిట్ల పైచిలుకు, అంటే అర టన్ను బొగ్గు పాటి. సాయంత్రం జిల్లాలన్నీ ఒకేసారి లైట్లు వేస్తే ఇది ఏ మూలకు? దిమ్మెలు పోతపోయాలి, తాళ్లు అరుగుతాయి. నీటికైతే ఆ ఖర్చు లేదు, ఎన్ని లక్షల టన్నులైనా పైపులోంచి పోతుంది.

నీటిని పైకి పంపి దాచే పద్ధతి 1890ల్లో ఆల్ప్స్ ప్రాంతంలో మొదలైంది. తొలి రోజుల్లో పంపు వేరు, టర్బైను వేరు. 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలోని లోవెల్ పట్టణంలో జేమ్స్ ఫ్రాన్సిస్ తీర్చిదిద్దిన టర్బైనుకు ఒక సుగుణం ఉంది: తగినట్టు మలిస్తే అదే చక్రం ఎదురు దిశలో తిరిగి పంపవుతుంది. అమెరికాలోని హివాసీ డ్యామ్‌లో 1956లో అలాంటి పెద్ద యంత్రం నడిచింది. మనకూ ఇది కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో 1980ల్లోనే 100.8 మెగావాట్లవి ఏడు, తర్వాత శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్లవి ఆరు పెట్టారు. సాగర్‌లో మాత్రం దిగువన నీరు నిలిపే టెయిల్‌పాండ్ లేక, యంత్రాలున్నా పంపింగ్ ఏళ్ల తరబడి సాగలేదు. రెండో చెరువు లేకపోతే ఈ చక్రం సగం యంత్రమే.

సింగరేణికి ఆ రెండో చెరువు తవ్వి సిద్ధంగా ఉంది. తవ్వకం ముగిసిన మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గని దగ్గర 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం పెట్టాలని సంస్థ తలపెట్టింది. పైకి పంపినదాంట్లో ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా దారిలోనే పోతుంది, ఇదేం పొదుపు అని అడగవచ్చు. నిజమే, ఈ యంత్రం కరెంటు పుట్టించదు, తినేస్తుంది. అయితే మధ్యాహ్నపు యూనిట్‌కీ రాత్రి ఏడింటి యూనిట్‌కీ విలువ ఒకటి కాదు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022 నుంచి పనిచేస్తున్న 100 మెగావాట్ల తేలియాడే సోలార్ పొద్దుగూకితే ఆగిపోతుంది, డిమాండు అప్పుడే ఎగబాకుతుంది. సోలార్ పెరిగేకొద్దీ మధ్యాహ్నం బొగ్గు కేంద్రాల ఉత్పత్తిని తగ్గించి, సాయంత్రం మళ్లీ పెంచాలి. ఆ హెచ్చుతగ్గులకు బాయిలర్లు దెబ్బతింటాయి. ఆ నష్టం ముందు నాలుగోవంతు పెద్దదేమీ కాదు.

నాకు బలంగా తోచే అభ్యంతరం వేరు. రెండు మట్టాల మధ్య తేడా 100 మీటర్లనుకుంటే, 500 మెగావాట్లు నాలుగు గంటలు నడవాలంటే 80 లక్షల ఘనపు మీటర్లకు పైగా నీరు పైన నిలవాలి. అంత నీరు రోజూ ఎక్కి దిగుతుంటే గని గోడలు నానడం, ఆరడం తప్పదు, జారే ప్రమాదమూ ఉంటుంది. పక్కనే ఎత్తయిన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలున్నాయి కదా, వాటి మీదే చెరువు కట్టేద్దామనిపిస్తుంది. కానీ అది తవ్వి పోసిన వదులు మట్టి, ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. కాబట్టి టర్బైను కొనేముందు తేలాల్సింది పై చెరువుకు గట్టి నేల ఎక్కడ దొరుకుతుందన్నదే.