మత్తు డాక్టరుకు చెప్పాల్సిన మాట

ఆపరేషన్‌ బాగా జరిగింది. కుట్లు కూడా వేసేశారు. మత్తు ఆపి చాలాసేపైంది. కానీ పేషెంటు తనంతట తాను ఊపిరి తీసుకోవడం లేదు. చెయ్యి కదపడం లేదు. బయట బంధువుల్లో కంగారు... లోపల డాక్టర్లలోనూ కంగారే! కొన్ని గంటలు వెంటిలేటర్‌ మీద ఉంచాక మెల్లగా తేరుకుంటాడు. పొరపాటు ఎక్కడ జరిగినట్టు? డాక్టర్‌ దగ్గరా కాదు, మందులోనూ కాదు. అమ్మానాన్నల నుంచి వచ్చిన ఓ జన్యువులో!

ఈ పరిస్థితి అరుదుగా ఎవరికైనా ఎదురుకావచ్చు. వైశ్య కుటుంబాలు మాత్రం దీని గురించి తప్పక తెలుసుకోవాలి.

నిమిషాల్లో దిగాల్సిన మందు

మత్తిచ్చాక శ్వాసనాళంలోకి గొట్టం వేయాలంటే కండరాలు సడలాలి. అందుకు వాడే మందుల్లో సక్సినైల్‌కోలిన్‌ ఒకటి. నిమిషంలో పనిచేస్తుంది, 5-10 నిమిషాల్లో దిగిపోతుంది. అలా దిగడానికి కారణం రక్తంలోని ఓ ఎంజైమ్‌. పేరు బ్యుటిరిల్‌ కోలినెస్టరేజ్‌. కాలేయంలో తయారై, ఆ మందును ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. ఆ ఎంజైమే లేకపోతే? నిమిషాల మందు గంటల తరబడి కండరాలను కట్టిపడేస్తుంది.

స్విచ్‌ ఉంది... లైటే లేదు

దాదాపు ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక్కోసారి ప్రతి ఉంటుంది కానీ పనికొచ్చే ప్రోటీన్‌ మాత్రం తయారుకాదు. స్విచ్‌ ఉన్నా లైటు వెలగనట్టు అన్నమాట! ఇలాంటి ప్రతినే శాస్త్రవేత్తలు ‘నల్‌ అల్లీల్‌’ అంటారు. రెండింట్లో ఒకటి పనిచేసినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. రెండూ మొరాయిస్తేనే చిక్కు.

కోయంబత్తూరులోని భారతియార్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి వైశ్యుల్లో ఈ లోపానికి మూలాన్ని 2006లో వెల్లడించారు. ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్‌ ఉండాల్సిన చోట ప్రోలిన్‌ వచ్చి చేరింది. అంతే, అది పనికిరాకుండా పోయింది.

గోత్రం మారినా...

హైదరాబాద్‌ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్‌ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనం దీనికి కారణం చెప్పింది. దక్షిణాసియాలో 260కి పైగా సముదాయాలను పరిశీలిస్తే, చాలావాటి మూలాలు కొద్దిమంది పూర్వీకుల్లోనే తేలాయి. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న ‘నల్‌’ ప్రతి, తరతరాలుగా లోపలి పెళ్లిళ్లతో అందరిలోకీ పాకుతుంది. వైశ్యుల్లో ఈ ఎంజైమ్‌ లోపం ఇతరులకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని ఆ అధ్యయనం పేర్కొంది. మేనరికం చేసుకోకపోయినా, వేరే గోత్రం వాళ్లను చేసుకున్నా సరే... ఇద్దరికీ పాత ముత్తాత ఒకరే కావచ్చు!

భయం వద్దు

ఇది జబ్బు కాదు. ఎంజైమ్‌ లేనివాళ్లూ నిక్షేపంగా బతుకుతారు. తేడా బయటపడేది ఇలాంటి మందు పడినప్పుడే. అప్పుడు కూడా మత్తులోనే ఉంచి, మందు దిగేవరకూ వెంటిలేటర్‌తో శ్వాస అందిస్తే పేషెంటు పూర్తిగా కోలుకుంటాడు. ముందే తెలిస్తే ఆ అవస్థ కూడా ఉండదు. వేరే మందు వాడతారు.

అందుకే ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగర్‌లతో పాటు ఇంకోమాట కూడా చెప్పండి. ‘మా ఇంట్లో ఫలానావారికి ఆపరేషన్‌ తరవాత ఊపిరి అందడం ఆలస్యమైంది’ అని. అనుమానం ఉంటే రక్తంలో కోలినెస్టరేజ్‌ పరీక్ష చేయిస్తారు. ఒకరికి లోపం తేలితే తోబుట్టువులూ చేయించుకోవాలి. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో ‘నల్‌’ ప్రతి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు మరి! ఫలితం కాగితాన్ని బ్లడ్‌గ్రూప్‌ కార్డుతో పాటే దాచుకోండి. ఏదో ఒకరోజు అదే ప్రాణం కాపాడొచ్చు.