నంది హాల్టు: ఒక మజిలీ చరిత్ర

పలమనేరు పట్టణమునకు నేటికిని రైలుమార్గము లేదు. 1864లో వేసిన బెంగుళూరు–జోలారుపేట మార్గము కుప్పము మీదుగాను, 1890ల ఆరంభమున వేసిన పాకాల–ధర్మవరము మార్గము పీలేరు మీదుగాను సాగిపోయినవి. మొగిలి కనుమకు పైనున్న ఈ పీఠభూమి పడమట ముళబాగిలు, కోలారు, చిక్కబళ్ళాపురముల దాక వ్యాపించినది. అచ్చటను తెలుగు విస్తారముగా వినవచ్చును. కావున ఈ సీమ రైలు చరిత్రను తెలియగోరువారు రాష్ట్రపు ఎల్ల దాటి చూడవలసియున్నది. నంది దుర్గము దిగువనున్న నంది హాల్టు అందులకు తగిన ఉదాహరణము.

బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి కోలారునకు 1913లోను, యలహంక దిక్కునుండి చిక్కబళ్ళాపురమునకు 1915లోను సన్న రైలుమార్గములు ఏర్పడెను. వీని పట్టాల నడుమ ఎడము రెండున్నర అడుగులు. పెద్ద మార్గమున అది అయిదున్నర అడుగులు. పట్టాలు ఇరుకైనచో కట్టయు, వంతెనలును, ఇంజనును చిన్నవైనను చాలును, మలుపులు తిరుగుట సులభము, వ్యయము స్వల్పము. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలమగు ముద్దేనహళ్ళి ఈ ప్రాంతముననే యున్నది. వారిది తెలుగు కుటుంబము.

హాల్టనగా బండి కొంచెముసేపు నిలుచు చోటు. సామాన్యముగా అచ్చట బండ్లు ఒకదానినొకటి దాటుటకు వేరు పట్టాలుండవు. పెక్కుచోట్ల కమీషను మీద పనిచేయువాడే టిక్కెట్లమ్మును. పూర్ణమైన స్టేషను సిబ్బందిని పోషింపజాలని పల్లెలకు ఇదియే రైలు సౌకర్యము. మన మజిలీ శబ్దము ఈ అర్థమునకు మిక్కిలి దగ్గరది.

సన్నమార్గమునకు గల లోపమును దాని పొదుపునందే యున్నది. పెద్ద మార్గపు పెట్టెలు దానిపై నడువవు గనుక, రెండును కలియు చోట సరకునంతయు దింపి మరల ఎక్కింపవలెను. బస్సులును, లారీలును పెరిగిన పిమ్మట ఈ శ్రమ భరింపరానిదయ్యెను. మార్గమును భాగములుగా పెద్దదానిగా మార్చిరి. కోలారు–చిక్కబళ్ళాపురము భాగము 2013లో పూర్తియైనది. పాత హాల్టు భవనము వాడుక తప్పి శిథిలమయ్యెను. పిమ్మట ఇంటాక్ సంస్థ బెంగుళూరు శాఖ దానిని పునరుద్ధరించినది.

భవనము నిలిచినది, దానిని వాడినవారి మాటలు ఇంకను సేకరింపవలసియున్నవి. సన్నబండి నెక్కిన తెలుగువారు రైలునకును, కట్టకును, కూలికిని, సరకునకును వాడిన పదములు ఈ సీమ మాండలికములో భాగములు. ఆ ప్రయాణీకులు వృద్ధులైనారు. సున్నముతో గోడను మరల కట్టవచ్చును గాని, పలికినవారితో పోయిన పదమును మరల తేలేము. కావున పలమనేరు నుండి చిక్కబళ్ళాపురము వరకు ఈ పదసేకరణము సత్వరముగా జరుగవలెనని మా అభిప్రాయము.